పుస్తెలు దాచని నౌకరి

నాకు నౌకరి దొరికిన దినం మా అవ్వ ఏడ్సింది. సంతోషంతోని కాదు. దినమంత మొకం తెల్వని మొగోళ్లతోని మాట్లాడే పని అని వాడకట్టుల ఎవరో ఆమెకు చెప్పిండ్రు. పని కరీంనగర్ టెలిఫోన్ ఎక్స్‌చేంజిల ఆపరేటర్ పని. బాపు అంతకు ముందే కాలం చేసిండు. ఆయన కచేరిల మున్షీ. ఉన్నన్ని దినాలు ఎవరెంత చెప్పినా నా బడి మాన్పియ్యలే. నిజాం సర్కారు ఉన్నప్పుడు ఉర్దూల మొదలైన చదువు, పోలీస్ యాక్షన్ అయినంక తెలుగులకు మళ్లి, ఆఖరుకు ఇంగ్లీషుతోని మెట్రిక్ కాడ ఆగింది. మూడు భాషలు నోట్ల తిరుగుతయి కాబట్టే నన్ను తీసుకున్నరు. అప్పటికి మా జిల్లా ఆంధ్రప్రదేశ్‌ల కలిసి ఎక్కువ కాలం కాలే.

చేరేటప్పుడు సంతకం పెట్టమన్న కాయితం మీద కింద ఒక షరతు ఉండె. ఆడ ఆపరేటర్ పెండ్లి చేసుకుంటే నౌకరి ఇడిసిపెట్టాలె. మా సూపర్వైజర్ సారు గుంటూరు దిక్కు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. షరతును ఆయనే తెలుగుల చదివి వినిపించిండు. గిది మొగోళ్లకు కూడ ఉన్నదా సార్ అని అడిగిన. చిన్నపిల్ల ఏదో అడిగితే నవ్వినట్టు నవ్వి, "అందరూ చేస్తారమ్మా, సంతకం పెట్టు" అన్నడు. ఇంట్ల నేను, అవ్వ, ఇద్దరు చిన్న చెల్లెండ్లు. పెండ్లి ఊసు ఎక్కడా లేదు. పెట్టిన.

పని మాత్రం నాకు మస్తు నచ్చింది. గోడ లెక్క నిలబడ్డ కట్టె బోర్డు. ఒక్కొక్క టెలిఫోనుకు ఒక్కొక్క చిన్న రేకు మూత. అవతల ఎవరన్న పిడి తిప్పితే ఆ మూత టక్కుమని పడేది. వైరు గుచ్చి "నంబర్ ప్లీజ్" అనాలె, అడిగిన నంబర్ల రెండో వైరు గుచ్చి గంట కొట్టాలె. కలెక్టర్ బంగ్లా, దవాఖాన, వకీళ్లు, పత్తి మిల్లు, బట్టల దుకాణాలు, ఊరంత కలిపితే మా బోర్డు ఒక్కదానికే సరిపోయేది. కొన్ని నెలలకు గొంతు వింటే చాలు, ఎవరు, ఏ నంబరు అడుగుతరు, ఇయ్యాల మంచిగున్నరా పరేషాన్‌ల ఉన్నరా, అన్నీ ఎరుకయ్యేది. నా పక్క కుర్చీల ఒక పెద్దాయన కూసునేది. నిజాం కాలం నుంచీ టెలిఫోను పని చేసిన ముసల్మాన్. నన్ను బేటీ అని పిలిచేది. లైన్ల మీద ఎవరన్న నోరు పారేసుకుంటే వైరు నా చేతుల నుంచి తీసుకోని, అసోంటోళ్లతోని ఎట్ల మాట్లాడాలెనో చూపిచ్చింది ఆయనే.

బయటి ఊర్లకు పోయే ట్రంకు కాల్స్‌ల నాకు ఇష్టమైనది ఆదిలాబాద్ లైను. అడివి మీదికెల్లి వచ్చే తీగెలు. వానకాలం చెట్టు కొమ్మ పడ్డా, గాలి లేసినా లైను పోయేది. ఉన్నప్పుడు గూడ గొంతు బాయిల నుంచి వచ్చినట్టు వచ్చేది. అవతల బోర్డు మీద ఒక అక్క ఉండె. మాటల నడుమ మరాఠీ కలిపేది. లైను ఖాళీగ ఉన్నప్పుడు "కాయ్ ఝాల బాయీ, అన్నం తిన్నవా?" అని అడిగేది. ఆమె మొకం నేను చూడలే, నా మొకం ఆమె చూడలే. ఇంట్ల చెప్పుకోలేని మాటలు గూడ ఆమెకు చెప్పిన.

ఒకనాడు ఆమె తన మాట చెప్పింది. ఆమెకు పెండ్లయి ఏండ్లయితుంది. పెనిమిటి ఉట్నూర్ల గిరిజన సంక్షేమ దఫ్తర్ల గుమాస్తా. ఐతారం వచ్చి సోమారం పోతడు. ఇంటి ఓనరుకు మేనబావ అని చెప్పుకున్నరు. పొద్దుగాల దఫ్తర్ పోయే ముందు మెట్టెలు తీసి బియ్యం డబ్బల పెడ్తదట, పుస్తెలు జాకెట్ లోపలికి తోస్తదట. ఒకసారి సంక్రాంతి పసుపు కుంకుమకు వాడకట్టుల ముత్తైదువలందరిని పిలిచి, ఈమెను పెండ్లి కాని పిల్ల అని పక్కకు కూసోబెట్టిండ్రట. ఇంకోసారి ఓనరు పెండ్లామే ఒక సంబంధం తెచ్చిందట. పిలగాడు మంచోడు, చూడు అన్నదట. అది చెప్పుకుంట ఆమె నవ్వింది. నేనూ నవ్విన. తర్వాత, "బాయీ, నేనేం దొంగతనం చేసిన్నే?" అన్నది.

గా లోపల మూత పడ్డది, కాల్ తీసుకున్న.

ఆ ఎండకాలమే ఆమెకు నెల తప్పింది. మెట్టెలు దాచినట్టు కడుపు దాచరాదు కద. ఒకనాడు ఆదిలాబాద్ లైన్ల మొగ గొంతు పలికింది. అక్క ఏది అని అడిగితే, పోయింది, తన ఇష్టంతోనే పోయింది అన్నడు. తన ఇష్టంతోనే పోతున్న అని ఆమెతోనే రాయించుకున్నరట. ఆ రెండు ముక్కలు నా లోపల ముల్లు లెక్క గుచ్చుకోని ఉండిపోయినయి. తీసేసుడు మీరు తీసేసి, ఇష్టం ఆమెదని రాయించుడేంది?

తర్వాతి యేడు నాకు సంబంధం వచ్చింది. పిలగాడు జగిత్యాల దిక్కు, మా ఊరి బడికి బదిలీ అయి వచ్చిన పంతులు. ఇంట్ల ఆయన, ఆయన తల్లి ఇద్దరే. చూడ వచ్చిన దినమే నేను చెప్పిన, నౌకరి ఇడువ అని. పెండ్లయితే ఇడువాలెనని మా సర్కారు రూల్ ఉన్నది, అయినా ఇడువ, లడాయి అయితది, ముందే తెల్సుకోని రాండ్రి అన్న. మా అవ్వ నెత్తి కొట్టుకున్నది. ఆయన, లడాయి అయితే ఇద్దరం చేద్దం అన్నడు.

భయం అత్తతోని ఉండె. ఆమె చిన్నప్పుడే మొగన్ని పోగొట్టుకోని, అంగట్ల కూరగాయలు అమ్మి కొడుకును చదివిపిచ్చిన మనిషి. మాట కఠినం. ఆమెకు నా నౌకరి మొదటి నుంచీ ఇష్టం లేకుండె. కోడలు వైర్ల మొగోళ్లతోని మాట్లాడుడు ఏం పని అని నా ముందటనే అన్నది. కాని షరతు సంగతి చెప్పినప్పుడు ఆమె కోపం ఇంకో దిక్కు తిరిగింది.

"నా కొడుకు పెండ్లి చేసుకునుడు వాళ్లకు తప్పు పనిలెక్క కనవడ్డదా?" అన్నది. ఆదిలాబాద్ అక్క సంగతి చెప్తే ఇంకా మండింది. మొగడు బతికుండంగ పుస్తెలు దాచుకునే నౌకరి ఎవని ఇంట్ల పుట్టిందని అడిగింది. నీ నౌకరి నాకు నచ్చకపోవుడు వేరే, అది మన ఇంటి ముచ్చట, వాళ్లు వద్దనుడు వేరే అని తేల్చింది. పెండ్లి పత్రిక మా సూపర్వైజర్ సారుకు ఆమెనే పోయి, బొట్టు పెట్టి ఇచ్చి వచ్చింది. సారు పత్రిక చేతుల పట్టుకోని నిలబడ్డడట.

పెండ్లయి మళ్ల పనికి పోయిన దినం నాకు మంచిగ గుర్తున్నది. కాళ్లకు పసుపు పోలే. మెట్టెలు కొత్తయి, మెట్లెక్కుతుంటే సప్పుడు చేసినయి. పుస్తెలు చీర మీదనే ఉన్నయి. నా కుర్చీ కాడికి పోతుంటే సారు పిలిచిండు. టేబుల్ మీద తెల్ల కాయితం, కలం సిద్ధంగ పెట్టిండు. "నా మీద కోపం పెట్టుకోకమ్మా. స్వంత ఇష్టంతో మానేస్తున్నానని రెండు ముక్కలు రాసివ్వు. మంచి పేరుతో వెళ్తావు" అన్నడు.

నా గొంతు వణకలే. దినమంత గొంతుతోనే బతికినదాన్ని.

"నాకు ఇష్టం లేదు సార్. లేని ఇష్టం ఉన్నదని నేను రాయ. తీసేసేది ఉంటే మీరే తీసేయుండ్రి. ఎందుకు తీసేసిండ్రో గది గూడ మీరే రాసియ్యుండ్రి."

ఆయన నా మొకం చూసిండు, కాయితం చూసిండు. కారణం రాసియ్యమని ఇంతకు ముందు ఎవరూ అడగనట్టున్నది. పైకి రాస్తానమ్మా, జవాబు వచ్చేదాకా బోర్డు దగ్గర కూర్చోకు అన్నడు. నేను పోయి కూసున్న. పక్కన పెద్దాయన నా దిక్కు హెడ్‌సెట్ జరిపిండు. ఆ దినం పొద్దుగూకే దాక పని చేసిన.

కొన్ని దినాలకు హైదరాబాద్ నుంచి ఒక పెద్ద ఆఫీసర్ వచ్చిండు. చెడ్డ మనిషి కాదు. నన్ను కూసోమని చెప్పి, మెల్లగ అర్థం చేపించబోయిండు. పెండ్లయిన ఆడమనిషికి ఇంటి ఫికర్ ఉంటది, పిల్లలు పుడ్తరు, సెలవులు పెడ్తది, మనసు బోర్డు మీద నిలవదు అన్నడు. పక్కన కూసునే పెద్దాయనకు ఏడుగురు పిల్లలు సార్, ఆయన మనసు బోర్డు మీదనే నిలవబట్టె కద అన్న. ఆయనకు నవ్వు వచ్చింది కాని ఆపుకున్నడు. ఈ రూల్ నువ్వు పుట్టకముందుది, పాతది, మనం మార్చేది కాదు అన్నడు.

"ఎవరు పెట్టిండ్రు సార్?"

"ఇంగ్లీషోళ్ల కాలంది."

"వాళ్లు పోయిండ్రు కద సార్."

ఆయన కలం మూత పెట్టి లేచిండు. వారం తిరుగక ముందే కాయితం వచ్చింది. ఫైసలా అయ్యే దాక పనిల నుంచి పక్కకు పెట్టినమని. తీసేసినమని మాత్రం రాయలే. ఎందుకు పెట్టిండ్రో అసలే రాయలే.

ఇంట్ల కూసుంటే ఇష్టంతోనే కూసున్నదంటరని నాకు తోచింది. అందుకే మరునాడు పొద్దుగాల, డ్యూటీకి పోయినట్టే చీర కట్టుకోని పోయిన. లోపలికి పోనియ్యరు కాబట్టి వరండల బెంచీ మీద కూసున్న. ట్రంకు కాల్ కోసం వచ్చినోళ్లు గంటల కొద్ది ఎదిరి చూసే బెంచీ అది. అర్జెంట్ కాల్‌కు మామూలు కాల్‌కు తేడా తెల్వనోళ్లకు చెప్పిన. అవతల పలికినంక ఎట్ల మాట్లాడాలెనో చూపిచ్చిన. ఎవరన్న నీదేం కాల్ బిడ్డా అని అడిగితే, కాల్ కాదు, పెండ్లి చేసుకున్నందుకు బయట కూసోబెట్టిండ్రు అని చెప్పేదాన్ని. ఊర్ల మాట పాకింది. కొందరు చూడటానికే వచ్చిండ్రు. కొందరు మొగోని సంపాదన చాలదా అన్నరు. అత్త పగటీలి అన్నం డబ్బ పట్టుకోని వచ్చి నా పక్కనే కూసోని తినిపించి, ఎవరన్న వంకరగ చూస్తే సూటిగ వాళ్ల దిక్కు చూసేది. సారు తల దించుకోని మా ముందటికెల్లి పోయేది. వానకాలం పోయి చలి పడ్డది. నేను పోవుడు ఆపలే.

యూనియన్ల పెద్దమనుషుల కాడికి మా ఆయన, నేను పోయినం. మొదలు జీతాల సంగతి తేలనియ్యుండ్రి, ఒక్క ఆడమనిషి ముచ్చట తర్వాత చూద్దం అన్నరు. ఒక్క ఆడమనిషి కాదు అని నాకు తెల్సు. రెండోది, ఆదిలాబాద్ అక్క, ఉట్నూర్ల పెనిమిటి కాడ ఉన్నది.

బస్సు ఎక్కి, సోన్ కాడ గోదారి దాటి, నిర్మల్ ఘాట్లు ఎక్కి ఇద్దరం ఇచ్చోడల దిగినం. అక్కడికెల్లి ఉట్నూర్ పోయే సర్కారు జీపుల మా ఆయన బతిమాలి జాగ దొరికించిండు. అడివంత ఎండుటాకులు. దఫ్తర్ వెనుక క్వార్టర్ల ఒక పొట్టి, నల్లటి మనిషి ఈపుకు పిల్లను కట్టుకోని బియ్యం చెరుగుతుండె. నేను ఎన్నడూ అట్ల అనుకోలే. గొంతు విని పొడుగు మనిషి, తెల్లటి మనిషి అనుకున్న. గుమ్మం కాడ నిలబడి "నంబర్ ప్లీజ్" అన్న. చాట చేతుల నుంచి జారింది. "బాయీ" అన్నది. గదే గొంతు. ఇద్దరం ఏడ్సినం, పిల్ల జడుసుకోని మాకన్న గట్టిగ ఏడ్సింది.

ఆమె కాళ్లకు మెట్టెలు ఉన్నయి. అరిగిపోకుండ కొత్తగనే ఉన్నయి.

వచ్చిన పని చెప్పిన. నువ్వు గూడ రాయి, ఇష్టంతోని పోలే, పొమ్మంటే పోయిన అని రాయి అన్న. ఆమె వద్దన్నది. నేను దాచిన, నువ్వు దాచలే, దాచినదాని పేరు కలిస్తే నీ కేసు ఖరాబ్ అయితది అన్నది. ఆమె పెనిమిటికి గూడ భయమే, ఆయనది గూడ సర్కారు నౌకరే కద. నేను బలవంతం చెయ్యలే. కాని పొద్దుమీకి అన్నం తినేటప్పుడు, ఆమెనే ఒక్కపాలి కంచం పక్కకు జరిపింది.

"దాపిచ్చింది ఎవరు? వాళ్లే కద. రాస్త" అన్నది.

పెనిమిటి దిక్కు చూసి చెప్పలే, గోడ దిక్కు చూసి చెప్పింది. ఆయన లేచి పోయి కాయితం తెచ్చి ఇచ్చిండు. మరాఠీ అక్షరాలల్ల సంతకం పెట్టింది. ఇంకో మాట గూడ ఆమెనే చెప్పింది. మనిద్దరమే ఎందుకు, ప్రతి బోర్డు కాడ ఎవరో ఒకరు ఉంటరు, బోర్డులన్నిటిని కలిపేది మన తీగెలే కద అన్నది.

తిరిగి వచ్చి పెద్దాయనకు చెప్పిన. వరండల నా పక్కన నిలబడి బీడీ కాల్చుకుంట విన్నడు. ఇన్నేండ్ల సర్వీసుల సొంత మాట ఒక్కటి గూడ లైన్ల మాట్లాడని మనిషి ఆయన. ఆ మాట ఆయనే చెప్పి, "అబ్ కరూంగా" అన్నడు, ఇప్పుడు మాట్లాడ్త అని. లైను ఖాళీ దొరికినప్పుడల్ల నిజామాబాద్‌కు, వరంగల్‌కు, హైదరాబాద్‌కు మా సంగతి చెప్పిండు. అక్కడి ఆపరేటర్లు అవతలి ఊర్లకు చెప్పిండ్రు. పెండ్లి కావల్సినోళ్లు, నిశ్చయమై భయపడుతున్నోళ్లు, దాచుకున్నోళ్లు ప్రతి ఊర్ల తేలిండ్రు. ఆదిలాబాద్ అక్క ఒక్కతే అనుకున్న నాకు, దాచుకున్నోళ్లు ఎందరో తెల్సినంక నిద్ర పట్టలే. కాయితాలు టపాల రావట్టినయి. కొందరు పేరు రాసిండ్రు, కొందరు భయంతోని పేరు లేకుండ రాసిండ్రు. హైదరాబాద్ ఎక్స్‌చేంజి ఆడపిల్లలందరు కలిసి ఒక్క దరఖాస్తు రాసి పెద్ద ఆఫీసర్ చేతుల పెట్టిండ్రు. గప్పుడు యూనియన్‌కు గూడ ఇది ఒక్క ఆడమనిషి ముచ్చట కాదని కనవడ్డది. వాళ్ల పెద్దమనిషి మా వరండకు వచ్చి, నా పక్కన బెంచీ మీద కూసోని, జర ఆలస్యమయింది అమ్మా అన్నడు. కూసోండ్రి, కూసునుడు మంచి పనే అని అత్త అన్నది.

ఎన్నో నెలలకు ఆర్డర్ వచ్చింది. ఆ షరతు ఇక లేదు. సారు వరండలకు వచ్చి చదివి వినిపిచ్చిండు. "లోపలికి రా అమ్మా" అన్నడు. నేను లేవలే. ఉట్నూర్ అక్క సంగతి ఏమున్నది సార్ అని అడిగిన. ఆయన మళ్ల చదివిండు. ఆర్డర్ ఇయ్యాల్టికెల్లి అమలు, ముందు మానేసినోళ్లకు వర్తించదు, వాళ్లు ఇష్టంతోని మానేసిండ్రు కాబట్టి.

రూల్ తీసేసిండ్రు, కాని అది తప్పు అని మాత్రం ఎవరూ రాయలే. ఆ కాయితంల దయతోని ఆలోచించి అనే మాట ఉండె. సర్కారుకు కృతజ్ఞత చెప్పుకుంట ఒక అర్జీ రాస్తే బాగుంటుందని సారు సలహా ఇచ్చిండు. రాయ అన్న. ఇది దయ కాదు సార్, నా కుర్చీ నాకు ఇచ్చిండ్రు, ఇన్ని నెలలు ఎందుకు గుంజుకున్నరో గది రాయుండ్రి, నేను గూడ రాస్త అన్న. ఆయన బలవంతం చెయ్యలే. నేను లోపలికి పోయి కూసున్న. ఆ పొద్దు మొదటి మూత దవాఖానది పడ్డది.

అక్క కోసం మళ్ల రాసినం. యూనియన్ రాసింది, ఆమె రాసింది, నేను రాసిన. ప్రతిసారి గదే జవాబు, ఇష్టంతోని పోయింది. నాలుగైదుసార్లు అయినంక ఆమెనే వద్దన్నది. ఉట్నూర్ల గోండు పిల్లల ఆశ్రమ బడిల పని చూసుకున్నది. పిల్లలకు లెక్కలు, పాటలు, మూడు భాషలు కలిపి చెప్పేదట. ఏడాదికి ఒకసారి పోయేదాన్ని. ఆ మాట ఎత్తితే నాకు కోపం వచ్చేది, ఆమెకు రాకపోయేది. నీ కోపం నాకు సరిపోయింది బాయీ, ఇద్దరికీ ఒక్కటే చాలు అనేది.

నాకు బిడ్డ పుట్టే ముందు, కడుపు బోర్డుకు తగులుతుంటే కుర్చీ కొంచెం ఎనుకకు జరుపుకోని కూసునేదాన్ని. చూసేటోళ్లకు ఇబ్బంది అని ఒక కొత్త ఆఫీసర్ నన్ను లోపలి గదిల కాయితాల పనికి మారుస్తనన్నడు. చూసేటోళ్లు ఎవరున్నరు సార్, అవతలోళ్లకు నా గొంతే కద కనవడేది అన్న. మార్పు ఆర్డర్ రాసి ఇయ్యుండ్రి, కారణం గూడ రాయుండ్రి అన్న. ఆ ఆర్డర్ ఎన్నటికీ రాలే. నొప్పులు వచ్చిన దినం గూడ పగటీలి దాక బోర్డు ముందటనే ఉన్న. అత్త రిక్షా పట్టుకోని వచ్చి, మెట్ల కింది నుంచే కేక ఏసి దింపుకపోయింది.